నూర్జహాన్ మగ్గానికి నాలుగు మార్కులు

2023 ఆషాఢం. ప్రొద్దుటూరులో ఒక హార్డ్‌వేర్ షాపు పైన మూడు గదుల్లో మా ఆఫీసు. మొత్తం ఆరుగురం. కింద లారీలోంచి ఇనుప పైపులు దించుతుంటే పైన మా టేబుళ్ళు అదిరేవి. సాఫ్ట్‌వేర్ అంటే బెంగళూరులోనో హైదరాబాదులోనో అద్దాల మేడల్లో రాసేదనుకునే మా బంధువులు "ఈడ ఏం సాఫ్ట్‌వేరు హరితా?" అని మొహం మీదే అడిగేవారు. ఇడుపులపాయలో ఇంజనీరింగ్ చదివి, వల్లూరు పక్క మా ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే నాకు ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ఓపిక ఎప్పుడో అయిపోయింది. ఇక్కడే రాస్తాం, బాగానే రాస్తాం. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేనిప్పుడు చెప్పబోయేది బాగా రాసి మరీ చేసిన తప్పు గురించి.

మా కస్టమర్ రంగయ్య గారికి ప్రొద్దుటూరులో పెద్ద బట్టలంగడి, పులివెందులలో ఇంకొకటి ఉన్నాయి. పెళ్ళి జాకెట్ల మీద మగ్గం వర్క్‌కు ఆయన అంగడికి మంచి పేరు. బట్టను చెక్క చట్రానికి బిగించి, కొక్కెం లాంటి ఆరీ సూదితో జరీ, పూసలు, కుందన్లు కుట్టే పని అది. ఆ చట్రాన్నే మగ్గం అంటారు. అంగట్లో ఎవరూ కుట్టరు. జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు ఇళ్ళల్లో కుడతారు. అంగడి వ్యాను బట్టను ఇచ్చి వస్తుంది, పని అయ్యాక తెస్తుంది. ఏ డిజైను కుట్టాలో, ఎప్పటికి కావాలో ఆ ఇళ్ళకు తెలియజేయడానికి అంతకు ముందు ఏడాది నేనొక యాప్ రాశాను.

అది హైబ్రిడ్ యాప్. అంటే లోపల ఉండేవి వెబ్ పేజీలే, పైన యాప్ తొడుగు ఉంటుంది. ఒక్కసారి రాస్తే ఏ రకం ఫోన్‌లోనైనా నడుస్తుంది. మా లాంటి చిన్న ఆఫీసులకు అదే దారి. ఏడాది పాటు నోరెత్తకుండా నడిచింది. ఆషాఢం మొదట్లో రంగయ్య గారు మమ్మల్ని పిలిపించారు.

"యాప్ అయితే ఇచ్చినారు గానీ, దాన్ని ఎవురు చూస్తాండారో, ఎవురు మూలన పడేసినారో నాకేం తెలుస్తాది? బెంగళూరులో మా వియ్యంకుడి అంగట్లో అన్నీ తెలుస్తాయంట. నాకూ అట్ల చేసియ్యండి."

ఆయన అడిగింది అనలిటిక్స్. యాప్‌ను ఎవరు ఎప్పుడు తెరిచారు, ఏ పేజీలో ఎంతసేపు ఉన్నారు అని లెక్కగట్టే ఏర్పాటు. హైబ్రిడ్ యాప్‌లో ఇది కొంచెం తిప్పలే. లోపల పేజీ మారినా పైన తొడుగుకు తెలియదు. మారిందని ప్రతిచోటా మనమే గుర్తుచేయాలి. నేను వారం రోజులు కూర్చుని ఒక్కో పేజీకీ గుర్తు పెట్టాను. దాంతోపాటు ఎంగేజ్‌మెంట్, అంటే వాడేవాళ్ళు మళ్ళీ మళ్ళీ యాప్‌లోకి వచ్చేలా చేసే హంగులు. రెండు రోజులు తెరవకపోతే ఫోన్ మీదికి "మమ్మల్ని మర్చిపోయారా?" అని ఒక నోటిఫికేషన్ వెళుతుంది. ఎప్పుడంటే అప్పుడు తిప్పుకోవడానికి రంగురంగుల చక్రం, తిప్పితే పాయింట్లు, అప్పుడప్పుడు ఒక స్టీలు డబ్బా బహుమతి. ఇవన్నీ కలిపి ఒక్కో ఫోన్‌కు నూటికి ఒక స్కోరు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఆ స్కోర్లు తెరమీద వెలుగుతుంటే నాకే ముచ్చటేసింది.

రంగయ్య గారికి ఇంకా ముచ్చటేసింది. "స్కోరు నలభై దాటినోళ్ళకే కొత్త జాకెట్లు పోవల్ల. యాప్ తెరవనోళ్ళు పనేం చేస్తారు?" అన్నారు.

అక్కడ నేనొక ప్రశ్న అడగాల్సింది. అడగలేదు. మగ్గం ముందు కూర్చున్న మనిషిని అప్పటికి నేను ఒక్కసారి కూడా చూడలేదు. అయినా ఆ రూలు అరగంటలో రాసేశాను. తప్పు ఒక్కటీ లేకుండా మొదటిసారికే నడిచింది కూడా.

రెండు వారాలకు ఒకావిడ మా మెట్లెక్కి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. బుర్ఖా, కళ్ళజోడు, చేతిలో గుడ్డసంచి. జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చిందట. పేరు నూర్జహాన్ అని చెప్పి నిలబడే అడిగింది.

"పదైదు రోజులాయె, మాకొక్క జాకెట్టు రాలే. అంగట్లో అడిగితే యాప్‌లో నీ పేరు కిందికి పోయింది, యాప్ చేసినోళ్ళను అడుక్కోపో అంటాండారు. ఎవురు తోసినారు నన్ను కిందికి?"

"ఎవరూ తోయలేదక్కా. సిస్టమ్ అట్ల లెక్కేస్తాది."

"సిస్టమ్‌కు అట్ల లెక్కెయ్యమని చెప్పినోళ్ళు ఉంటారు గదా పాపా. వాళ్ళెవురు?"

మా ఆఫీసు పెద్ద చంద్రశేఖర్ అన్న ల్యాప్‌టాప్ లోంచి తలెత్తి నావైపు చూశాడు. కస్టమర్ చెప్పింది అనేయ్, అన్నట్టుంది ఆ చూపు. ఆ ఒక్క మాటతో ఆపెయ్యడం నాకు చేతకాలేదు.

"రంగయ్య గారు చెప్పినారు. రాసింది నేనే" అన్నాను.

ఆమె అరవలేదు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "అట్లయితే నీతోనే మాట్లాడల్ల" అంది. నేను ఆమె ఫోన్ తాలూకు వివరాలు తెరమీదికి తెచ్చాను. లెక్క మొదలైనప్పటి నుంచి యాప్ తెరిచింది ఐదుసార్లు. తెరిచిన ప్రతిసారీ రెండు నిమిషాల లోపే. చక్రం ఒక్కసారీ తిప్పలేదు. ఎర్రరంగులో నాలుగు.

"నాలుగా? ఎన్నింటికి?"

"నూటికి."

"మా ఆయన పోయినప్పట్నుంచి ఆ మగ్గం మీదనే నలుగురు ఆడోళ్ళం బతుకుతాండాం. మనిషికొక మార్కు ఏసినావు, మేలు!" అని సంచిలోంచి ఒక జాకెట్టు వీపు ముక్క తీసి నా కీబోర్డు మీద పెట్టింది. ఎరుపు పట్టు మీద జరీ నెమలి. "తిరగేసి చూడు" అంది. తిరగేశాను. వెనకవైపు ఒక్క దారం వేలాడలేదు, ఒక్క ముడి పైకి లేవలేదు. పని తెలియని నాకే అది మామూలు చేయి కాదని తెలిసిపోయింది. ఆ ముక్కను అక్కడే వదిలేసి, "రేపు వచ్చి మగ్గం చూసిపో" అని చెప్పి వెళ్ళిపోయింది. అది పిలుపులా లేదు, సమనులా ఉంది.

మర్నాడు జమ్మలమడుగు బస్సెక్కాను. చంద్రశేఖర్ అన్న వద్దన్నాడు. సెలవు పెట్టి పోతున్నానని చెప్పాను.

రెండు గదుల ఇల్లు. ముందు గదంతా మగ్గమే. దాని చుట్టూ నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. నూర్జహాన్, ఆమె కోడలు రేష్మా, పక్కింటి లక్ష్మీదేవి, లక్ష్మీదేవి చెల్లెలు. రేష్మా మొగుడు కువైట్‌లో ఉన్నాడు. రంగయ్య గారి పని లేక, వేరే ఎవరో ఇచ్చిన దుపట్టాకు అంచు కుడుతున్నారు. ఆ నలుగురికీ కలిపి ఒకటే ఫోన్, అది గూట్లో ఉంది. నా లెక్కలో ఒక ఫోన్ అంటే ఒక మనిషి. నలుగురి పని ఒక మనిషి బద్ధకంగా మారిపోయింది.

పని ఎలా చేస్తారో అడిగాను. డిజైను వచ్చిన రోజు నూర్జహాన్ ఒక్కసారి యాప్ తెరుస్తుంది. జిరాక్సు షాపుకు పోయి జాకెట్టు సైజులో ప్రింటు తీయిస్తుంది. దాన్ని ట్రేసింగ్ కాగితం మీద గీసి, గీత పొడవునా పిన్నుతో చిల్లులు పొడిచి, బట్ట మీద పరిచి తెల్లపొడి రుద్దితే డిజైను బట్ట మీదికి దిగుతుంది. ఆ తర్వాత జాకెట్టు అయ్యేవరకూ ఫోన్‌తో పనే లేదు.

"పని ల్యాకపోవడం కాదు, ముట్టకూడదు" అంది రేష్మా. "ఫోన్ పట్టుకున్న చెయ్యి జిడ్డుగుంటాది. ఆ చెయ్యి తగిలితే జరీ నల్లబడతాది. మగ్గం మీద కూకున్నంక మా అత్త ఎవురినీ ఫోన్ తాకనియ్యదు. మా ఆయన కువైట్ నుంచి చేసినా అంతే."

"నీ యాప్ దినామూ అలుగుతాండె" అని లక్ష్మీదేవి నవ్వింది. "మర్చిపోయినారా, మర్చిపోయినారా అని ఒకటే గోల. పెండ్లాం కూడా అన్నిసార్లు అడగదు మా!"

అందరూ నవ్వారు. నాకు సిగ్గేసింది. ఆ వాక్యం రాసింది నేనే. బాగా కుదిరిందని ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను కూడా. పని బాగా చేసేవాళ్ళు ఎవరో వాళ్ళకే తక్కువ మార్కులు పడేలా, నా చేత్తో నేనే ఒక కొలత తయారుచేసి పెట్టాను.

తప్పు దిద్దుకోవాలన్న తొందరలో ఇంకో తప్పు చేశాను. "అక్కా, ఒక పని చెయ్యండి. పొద్దున్నే పనికి కూర్చోకముందే యాప్ తెరిచి ఆ చక్రం ఒకసారి తిప్పండి. పది నిమిషాలు అట్లా వదిలెయ్యండి. వారంలో స్కోరు నలభై దాటుతాది" అన్నాను.

నూర్జహాన్ సూది ఆపింది.

"అంటే నేను పనిమంతురాలినని చూపించేదానికి దాని ముందర ఆడల్లనా?" అంది. "నా చెయ్యి చూసి పనియ్యి. చెయ్యి బాగాలేదంటే ఇయ్యద్దు, పడుంటా. చక్రం తిప్పితే పనిస్తా అంటే ఆ పని నాకొద్దు. పోయి ఆయనకు చెప్పు."

చెప్పాలంటే రెండో కొస కూడా చూడాలనిపించింది. లిస్టులో అందరికంటే పైన ఉన్న ఫోన్ పులివెందుల శ్రీనివాసులుది. స్కోరు తొంభై ఏడు. ఆ రూలు పెట్టినప్పటి నుంచి కొత్త జాకెట్లు ఎక్కువగా అతనికే వెళుతున్నాయి. మరుసటి రోజు పులివెందుల వెళ్ళాను. శ్రీనివాసులు ఇంట్లో లేడు. చీనీకాయల మండీలో పనికి కుదిరి నెలయిందట. మగ్గం గోడకు ఆనించి ఉంది, దాని మీద తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. మూలన మా కస్టమర్ అంగడి సంచులు కట్టిన ముడి విప్పకుండా పేర్చి ఉన్నాయి. వసారాలో మంచం మీద వాళ్ళ నాయన, బస్సు డ్రైవరుగా రిటైరైన ముసలాయన, ఫోన్ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో రంగుల చక్రం తిరుగుతోంది.

"ఇది చేసింది నువ్వేనా మా? శానా బాగుండాది" అన్నాడు. "నాకు పొద్దు పోతాంది. మొన్న స్టీలు డబ్బా కూడా పడింది. మా కోడలు అందులోనే కారంపొడి పోసింది."

ఆయన మీద నాకు కోపం రాలేదు. నా యాప్‌ను నేననుకున్నట్టుగా వాడింది ఆ ఒక్క మనిషే.

రంగయ్య గారి అంగడికి చంద్రశేఖర్ అన్నతో కలిసి వెళ్ళి అంతా చెప్పాను. ఒక ఫోన్ వెనక నలుగురున్నారని, జరీ నల్లబడుతుందని, పులివెందులలో సంచులు ముడి విప్పలేదని. ఆయన వింటూ వింటూ మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టారు.

"నలభై ఏండ్లుగా అంగడి నడుపుతాండా. నువ్వు రెండు ఊర్లు తిరిగొచ్చి నాకు చెప్తావా? పులివెందులోనికి నేను చెప్పుకుంటా. రూలు మాత్రం రూలే. రోజుకు పది నిమిషాలు చూసేదానికి వాళ్ళకేం నొప్పి?"

"పనికి, చూసేదానికి సంబంధం లేదు సార్."

"అది నేను చూసుకుంటా. నువ్వు కంప్యూటర్ చూసుకో."

తిరిగి వచ్చేటప్పుడు చంద్రశేఖర్ అన్న బండి ఆపి మరీ చెప్పాడు. "హరితా, ఆ రూలు ఇప్పుడు తీస్తే ఆయన మనల్ని తీసేస్తాడు. ఆరుమందిమి ఉండాం." అది నిజం. నేను ఆరోజు ఆ రూలు తీయలేదు. ధైర్యం చేయలేదని ఒప్పుకోవడానికి నాకిప్పుడు మొహమాటం లేదు. కానీ ఇంకో పని చేశాను. ఆఫీసుకు రాగానే అందరి ముందే నూర్జహాన్‌కు ఫోన్ చేసి, రంగయ్య గారు ఏమన్నారో, స్కోరు ఎలా పడుతుందో, నలభై గీత ఎవరు గీశారో, మొత్తం విడమర్చి చెప్పాను.

"అది కస్టమర్ సంగతి, బయటికి చెప్పగూడదు" అన్నాడు అన్న.

"ఆమె సంగతి ఆమెకు చెప్పినా అన్నా. బయటోళ్ళకెవరికీ చెప్పలేదు" అన్నాను. ఆయన ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

నూర్జహాన్ మాత్రం చాలామందితో మాట్లాడింది. జమ్మలమడుగులో రంగయ్య గారి పని చేసే ప్రతి మగ్గం దగ్గరికీ నడిచి వెళ్ళింది. స్కోరు బాగున్న వాళ్ళ దగ్గరికి కూడా. "ఈ పొద్దు మేము. రేపు మీకు జరమొచ్చి రెండు దినాలు ఫోన్ ముట్టకపోతే మీరు" అని చెప్పిందట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. నాకు ముందు కనపడింది, ఏ ఊర్లో ఎందరు యాప్ వాడుతున్నారో చూపే నా తెరమీది గీత.

సోమవారం పొద్దున జమ్మలమడుగు గీత సగానికి పడింది. నా కోడ్‌లోనే ఏదో చెడిందనుకున్నాను. పేజీలకు పెట్టిన గుర్తులన్నీ మళ్ళీ తనిఖీ చేశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మంగళవారానికి ఆ గీత నేలకు తాకింది. వరుసగా ఒకటే మాట కనబడుతోంది, యాప్ తొలగించబడింది, యాప్ తొలగించబడింది. బుధవారానికి ప్రొద్దుటూరు మగ్గాలు, పులివెందులలో ఒక్కటి తప్ప మిగతావి కూడా అదే దారి పట్టాయి. చేతిలో ఉన్న జాకెట్లన్నీ పూర్తిచేసి వ్యానుకు అప్పగించారు. కొత్త బట్ట ఇస్తే ఒక్కరూ తీసుకోలేదు. శ్రావణం పెళ్ళిళ్ళ పట్టు గుడ్డలన్నీ పోయిన వ్యానులోనే తిరిగొచ్చి అంగట్లో కుప్పపడ్డాయి.

గురువారం రంగయ్య గారు మా మెట్లెక్కి వచ్చారు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఆయాసపడుతూనే ఫోన్ నా ముందు పెట్టారు.

"ఏం చేసినావు? యాప్ చెడిపోయింది. వాడేవాళ్ళు ఒకటి అని చూపిస్తాంది!"

"యాప్ బాగుంది సార్. సరిగ్గానే లెక్కేస్తాంది. ఆ ఒక్కరెవరో నేను చూసొచ్చినా. పులివెందులలో శ్రీనివాసులు వాళ్ళ నాయన. చక్రం తిప్పుతాండాడు. ఆయనకు సూదిలో దారం ఎక్కియ్యడం కూడా రాదు."

చంద్రశేఖర్ అన్న కుర్చీలోంచి లేచాడు. నన్ను ఆపుతాడనుకున్నాను. రంగయ్య గారికి కుర్చీ వేసి, "ఆమె చెప్పేది వినండి సార్" అన్నాడు.

నేను సొరుగులోంచి నూర్జహాన్ నెమలి తీసి, వెనకవైపు పైకి తిప్పి ఆయన చేతిలో పెట్టాను. నలభై ఏళ్ళు బట్ట పట్టిన చేయి కదా. బొటనవేలు ఒకసారి అటునుంచి ఇటు పోయింది. మళ్ళీ పోయింది. ఒక్క ముడీ తగల్లేదు.

"ఇది ఎవురిది?"

"నాలుగు మార్కులామెది."

ఆయన ఆ ముక్కను మడిచి టేబుల్ మీద పెట్టారు. తర్వాత "ఆమెకు ఫోన్ చెయ్" అన్నారు.

"ఫోన్‌తో కాదు సార్. పోవల్ల" అన్నాను.

అదే రోజు మధ్యాహ్నం ఆయన కారులోనే జమ్మలమడుగు వెళ్ళాం. నూర్జహాన్ ఆయన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. గొంతు మాత్రం ఒక్క మెట్టు కూడా దించలేదు.

"రంగయ్యన్నా, నా పని నీ అంగట్లో తిరగేసి చూసుకో. బాగాలేకపోతే నా మొహం మీదనే కొట్టు. దినానికెన్నిసార్లు ఫోన్ తెరిచినానని మాత్రం లెక్కపెట్టద్దు. నాకే కాదు, ఏ మగ్గానికీ పెట్టద్దు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టి నావైపు తిరిగారు. "తీసెయ్ మా ఆ రూలు" అన్నారు. ఆయన మనసు మారిందో, శ్రావణం దగ్గరపడిందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. వాళ్ళింట్లో, ఆ మగ్గం పక్కనే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి ఆ రూలు తీసేశాను. చక్రమూ తీసేశాను. "మర్చిపోయారా" అన్న వాక్యాన్ని కూడా తీసేసి, కొత్త బట్ట వస్తోందని చెప్పే నోటిఫికేషన్ ఒక్కటే ఉంచాను. లక్ష్మీదేవి చూసి, "అలక తీరిందా దానికి?" అంది.

నూర్జహాన్ గూట్లోంచి ఫోన్ తెచ్చి నా చేతికిచ్చింది. "నువ్వే ఎక్కించు పాపా. ఈసారి మేం నలుగురం ఉండామని దానికి చెప్పు."

యాప్ ఎక్కించి ఆ నలుగురి పేర్లూ కాగితం మీద రాసుకున్నాను. ఒక ఫోన్‌కు ఒకటే పేరు పట్టేలా ఉండేది, దాన్ని మార్చడానికి వారం పట్టింది. జాకెట్టు అంగట్లో తిరగేసి చూసి బాగుందన్నప్పుడే లెక్కలోకి వచ్చేలా కొలత మార్చాను. నూర్జహాన్ మగ్గం ఆ శ్రావణమంతా ఖాళీగా లేదు. యాప్‌ను ఇప్పటికీ నెలకు ఐదారుసార్లకు మించి తెరవరు.

ఇదంతా నాకు నేర్పింది ఒకటే. పనిచేసే మనిషి ఇంటికి పోయి, పక్కన కూర్చుని చూడకుండా ఆ మనిషికి కొలత రాయకూడదు. ఇప్పుడు ఏ కస్టమర్ వచ్చి ఎంగేజ్‌మెంట్ పెంచమన్నా, ముందు వాడేవాళ్ళ ఇళ్ళు చూపించమంటాను. అంత తీరిక లేదంటే ఇంకెవరితోనైనా రాయించుకోమంటాను. ఇద్దరు అట్లాగే వెళ్ళిపోయారు కూడా. వెళ్ళనీ. నేను మాత్రం చూడకుండా రాయను.